పీసీలో ఐదు వైరస్‌లున్నాయని చెప్పేది ఎవరు?

ప్రశ్న: దేవరకొండలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న. విండోస్ 10 పీసీ, క్రోమ్ వాడుతం. పది రోజుల నుంచి తెర మీద కింద కుడి మూలన ‘మీ పీసీలో 5 వైరస్‌లున్నాయి’, ‘మెకాఫీ గడువు ముగిసింది’ అని ఎర్ర డబ్బాలు వస్తున్నయి. మేము మెకాఫీ ఎప్పుడూ వేయలే. 900 రూపాయలు పెట్టి వేరే యాంటీవైరస్ కొన్న. స్కాన్ చేస్తే ఏం లేదంటది, డబ్బాలు మాత్రం ఆగలే. మొన్న సాయంత్రం తెరంతా నీలమై సైరన్ మోగింది, మౌస్ కనపడలే, మైక్రోసాఫ్ట్ నంబరని ఒకటి వచ్చింది. మా తమ్ముడు దానికి ఫోన్ చేసిండు. వాళ్లు ఎనీడెస్క్ వేయించి, ఎర్ర గుర్తులేవో చూపించి 4,999 కట్టమన్నరు. అనుమానమొచ్చి ఫోన్ పెట్టేసిండు. పైసలైతే పోలే. ఫార్మాట్ కొట్టిస్తే ఇదంతా పోతదా? ఊర్లో మా అమ్మ ఫోన్‌ల గూడ ఇట్లాంటివే వస్తున్నయట.
— ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం:

మీరు డబ్బాల గురించి ఎక్కువ రాశారు, ఎనీడెస్క్ గురించి ఒక్క ముక్క రాశారు. భయపడాల్సింది మాత్రం ఆ ఒక్క ముక్కకే. కాబట్టి ముందు అది.

ఎనీడెస్క్ వైరస్ కాదు. దూరంగా ఉన్న పీసీని బాగుచేయడానికి మెకానిక్‌లు రోజూ వాడే పనిముట్టే. కానీ అందులో ‘అన్‌అటెండెడ్ యాక్సెస్’ అని ఒక సెట్టింగ్ ఉంది. అవతలివాడు ఒకసారి లోపలికొచ్చి అక్కడ పాస్‌వర్డ్ పెట్టుకుంటే, తర్వాత మీరు ‘యాక్సెప్ట్’ నొక్కకపోయినా మళ్లీ రాగలడు. ఇన్‌స్టాల్ చేసి ఉంటే పీసీ ఆన్ కాగానే అది కూడా లేస్తుంది. మీ తమ్ముడు ఫోన్ పెట్టేస్తే మాట తెగింది, దారి తెగిందని చెప్పలేం.

ఆ పీసీకి నెట్ తీసేయండి. కేబుల్ అయితే పీకండి, హాట్‌స్పాట్ అయితే ఆపండి. ఎనీడెస్క్‌ను తీసేసే ముందు ఒక పని ఉంది: దాని కిటికీని, తమ్ముడి ఫోన్‌లోని కాల్ వివరాలను ఫొటో తీసి పెట్టుకోండి. ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారో ఎనీడెస్క్ ‘కనెక్షన్ ట్రేస్’ అనే టెక్స్ట్ ఫైల్లో రాసి పెడుతుంది. అది ‘ప్రోగ్రామ్ డేటా’ ఫోల్డర్లోనో, మీ యూజర్ ‘యాప్ డేటా’లోనో ఎనీడెస్క్ పేరు మీద ఉంటుంది. రెండూ దాచి ఉండే ఫోల్డర్లు కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్లో ‘వ్యూ’కు పోయి ‘హిడెన్ ఐటమ్స్’ టిక్కు పెడితేనే కనిపిస్తాయి. ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్ తెరిచి ‘ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్’లోకి పోయి, ‘ఇన్‌స్టాల్డ్ ఆన్’ అన్న తల మీద నొక్కండి. తేదీల వరుసలో సర్దుకుంటాయి. ఆ సాయంత్రం తేదీతో ఏముంటే అది అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇట్లాంటివాళ్లు ఒక్క ఎనీడెస్క్‌తో ఆగకుండా అల్ట్రావ్యూయర్, టీమ్‌వ్యూయర్, స్క్రీన్‌కనెక్ట్ లాంటిది ఇంకోటి కూడా పెట్టి పోవడం మామూలే. ఎనీడెస్క్ పేరు జాబితాలో లేకపోతే సంబరపడొద్దు, ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిపి ఉంటారు. అప్పుడు ఫైల్ ‘డౌన్‌లోడ్స్’లో ఉంటుంది, తీసేయండి. టాస్క్ మేనేజర్ ‘స్టార్టప్’ ట్యాబులో కొత్త పేర్లున్నాయా, సెట్టింగ్స్ ‘అకౌంట్స్’లో మీకు తెలియని యూజర్ ఎవరైనా చేరారా అన్నదీ చూడండి.

స్కాన్ సంగతి. విండోస్ 10లో, 11లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందే ఉంటుంది, దానికి పైసా కట్టక్కర్లేదు. మీరు వేరేది కొన్నారు కాబట్టి అది పక్కకు తప్పుకుని ఉంటుంది. ఇప్పటికి కొన్నదానితోనే ‘ఫుల్ స్కాన్’ పెట్టండి. క్విక్ స్కాన్ చాలదు. ఏడాది గడువు అయిపోయాక దాన్ని తీసేస్తే డిఫెండర్ తనంతట తానే లేచి కూర్చుంటుంది. ఆ 900 మళ్లీ పెట్టకండి.

పాస్‌వర్డ్‌లు ఆ పీసీలో మార్చొద్దు, మీ ఫోన్ నుంచి మార్చండి. మొదట జీమెయిల్. మిగతా ఏ ఖాతాకైనా పాస్‌వర్డ్ మర్చిపోతే లింకు వచ్చేది దానికే. గూగుల్ ఖాతాలో ‘సెక్యూరిటీ’ కింద ‘యువర్ డివైసెస్’ అని ఉంటుంది, మీవి కానివాటిని సైనౌట్ చేయండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత సెంటర్ పనికి వాడే లాగిన్‌లు. క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ కూడా పోయినట్టే లెక్కేసుకోండి.

ఇంకొకటి మీరు రాయలేదు గానీ ప్రతి సెంటర్లోనూ ఉండేదే: డెస్క్‌టాప్ నిండా గిరాకీల ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్‌లు, పహాణీలు. ఎనీడెస్క్‌లో ఫైళ్లు లాక్కునే వీలుంది. ఎక్కువసేపు వాళ్ల చేతిలో ఉంటే అవీ వెళ్లి ఉండొచ్చు. ఇకనైనా ప్రింటు తీయగానే ఆ రోజువి ఆ రోజే తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

వాళ్లు చూపించిన ఎర్ర గుర్తుల గురించి తమ్ముడికి చెప్పండి: అది ‘ఈవెంట్ వ్యూయర్’. విండోస్ తన రోజువారీ చిన్నా పెద్దా తప్పులన్నీ రాసుకునే చిట్టా అది. నిన్న కొన్న కొత్త పీసీలో తెరిచినా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. ప్రింటర్ ఒకసారి పలకకపోయినా ఒక గుర్తు పడుతుంది.

పైసలు పోలేదు కాబట్టి మీరు కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్లో వివరాలు నమోదు చేస్తే సరిపోతుంది. పైసలు పోయినవాళ్లు మాత్రం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు అవతలి ఖాతాలోంచి బయటికి పోకముందే ఆపించగలిగే దారి అదే, గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది. బ్యాంకుకూ వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. ఇట్లా వేరేవాళ్ల పేరు చెప్పి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో దాడులు చేసినప్పుడు దొరికినవాటిలో మైక్రోసాఫ్ట్, అమెజాన్ సాయం పేరుతో ఫోన్లు ఎత్తే దొంగ కాల్ సెంటర్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు మూలన వచ్చే డబ్బాలు.

మీ యాంటీవైరస్ అబద్ధం చెప్పలేదు. వైరస్ లేదు, కాబట్టి దానికి దొరకలేదు. అవి నోటిఫికేషన్లు. పత్రికల వెబ్‌సైట్లు ‘తాజా వార్త’ అని పంపుతాయి చూడండి, అదే దారిలో ఏదో ఒక సైటు ‘5 వైరస్‌లు’ అని పంపుతోంది. ఆ సైటుకు మీ పీసీలో ఎవరో ‘అలౌ’ నొక్కారు. ఎట్లా నొక్కిస్తారంటే, సినిమా కోసమో, పాత ప్రశ్నపత్రం పీడీఎఫ్ కోసమో వెతుకుతూ ఒక పేజీలోకి పోతారు. అక్కడ వీడియో కదలదు, పక్కన ఒక రోబో బొమ్మ ఉండి ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అంటుంది. అసలైన క్యాప్చా ఏదీ అలౌ నొక్కమనదు. బొమ్మల్లో బస్సులు ఏరమంటుంది, లేదా ఒక గడిలో టిక్కు పెట్టమంటుంది, అంతే. రోజుకు పాతిక మంది కూర్చుని లేచే పీసీలో అలౌ ఎవరు నొక్కారని వెతికి లాభం లేదు.

గడప దాటని మనిషి వాకిట్లో నిలబడి ‘ఇంట్లో దోషముంది, తాయెత్తు కట్టాలి’ అంటే ఎంత నిజమో, ఒక వెబ్ పేజీ మీ పీసీలో వైరస్ చూశాననడం అంతే నిజం. పేజీకి తెలిసేవి మీరు వాడేది విండోసా ఆండ్రాయిడా, ఏ బ్రౌజర్, నెట్ సుమారుగా ఎక్కడి నుంచి వస్తోంది, ఇట్లాంటి నాలుగైదు సంగతులు. మీ సీ డ్రైవ్‌ను తడిమి చూసే వీలు బ్రౌజర్ దానికి ఇవ్వదు. అందుకే దేవరకొండలో కూర్చున్న మీకు ‘మీ స్థలం: హైదరాబాద్’ అని చూపిస్తుంటాయి, నెట్ కంపెనీ అడ్రసు అది.

మరి మెకాఫీ పేరెందుకు? తెలిసిన పేరైతే జనం నొక్కుతారు. నొక్కితే కొన్ని దొంగ చెల్లింపు పేజీకి తీసుకుపోతాయి. కొన్ని నిజంగానే యాంటీవైరస్ కంపెనీ అమ్మకం పేజీకి తీసుకుపోతాయి; మీరు కొంటే మధ్యవర్తికి కమీషన్. పేజీ అసలుదే అయినా మీ దగ్గర కొనిపించిన భయం నకిలీ.

తీసే పద్ధతి రెండు నిమిషాలది. ముందు ఈసారి డబ్బా వచ్చినప్పుడు దాని మీద సన్న అక్షరాల్లో ఉన్న సైటు పేరు చదవండి, దాంతోపాటు గూగుల్ క్రోమ్ అని కూడా ఉంటుంది. డబ్బా మధ్యలో నొక్కొద్దు. క్రోమ్‌లో కుడి పై మూల మూడు చుక్కలు, సెట్టింగ్స్, ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, ‘సైట్ సెట్టింగ్స్’, ‘నోటిఫికేషన్స్’. కిందకు జరిగితే ‘అలౌడ్ టు సెండ్ నోటిఫికేషన్స్’ అని ఒక జాబితా. మీరు చదివిన పేరు అందులో ఉంటుంది, దాని చుట్టాలు ఇంకో నాలుగైదు కూడా ఉంటాయి. ఒక్కోదాని పక్కన మూడు చుక్కలు నొక్కి ‘బ్లాక్’ పెట్టండి. ‘రిమూవ్’ అన్నా ఆగుతాయి గానీ, రేపు అదే పేజీకి పోతే మళ్లీ అడుగుతుంది. బ్లాక్ అయితే అడగను కూడా అడగదు.

అదే పేజీలో పైన ‘సైట్లు నోటిఫికేషన్లు పంపకూడదు’ అనే అర్థంలో ‘డోంట్ అలౌ’ వరుస ఒకటుంది, అది ఎంచుకోండి. చాలామంది ఇదొక్కటి చేసి ‘అయినా ఆగలేదు’ అంటారు. ఆ బటన్ కొత్తగా అడిగేవాళ్లనే ఆపుతుంది. ముందే అలౌ జాబితాలో ఉన్నవాళ్లు దర్జాగా పంపుతూనే ఉంటారు. రెండూ చేయాలి. వాట్సాప్ వెబ్ వాడుతుంటే దాన్ని ఒక్కదాన్ని అలౌ జాబితాలో ఉంచుకోండి.

క్రోమ్‌లో రెండు మూడు ప్రొఫైళ్లు, అంటే పై మూలన వేరువేరు ఫొటో గుండ్రాలు ఉంటే, ప్రతి దాంట్లోనూ ఈ పని వేరుగా చేయాలి. విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్లో కూడా ఎవరైనా అలౌ కొట్టి ఉండొచ్చు, అక్కడా సెట్టింగ్స్‌లో వెతికే గడిలో ‘నోటిఫికేషన్స్’ అని కొట్టి చూడండి.

యూట్యూబులో చెప్పే చిట్కాల్లో రెండు ఇక్కడ పనికిరావు. ఒకటి క్యాష్ తుడవడం. క్యాష్ అంటే బొమ్మల, పేజీల నిల్వ, అనుమతులు అందులో ఉండవు. రెండోది ‘క్రోమ్ సెట్టింగ్స్‌లో క్లీనప్ కంప్యూటర్ నొక్కండి’ అన్నది. ఆ పనిముట్టును గూగుల్ 2023 మార్చిలోనే తీసేసింది, పాత వీడియోలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

నోటిఫికేషన్లు పోయాక కూడా వెతుకులాట పేజీ వేరే ఎక్కడికో దారి మళ్లుతుంటే అది ఎక్స్‌టెన్షన్ పని, అంటే క్రోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం. మూడు చుక్కల్లో ‘ఎక్స్‌టెన్షన్స్’ తెరిచి మీకు తెలియనివన్నీ తీసేయండి. పీడీఎఫ్ మార్చేది, వీడియో దించుకునేది అనే పేర్లతో వచ్చినవాటి మీద ముందు అనుమానపడండి. ఏం తోచకపోతే ‘రీసెట్ సెట్టింగ్స్’ ఉంది. అది ఎక్స్‌టెన్షన్లను ఆపి, కుకీలను తుడుస్తుంది. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి. మీ సొంత పీసీలో మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని కనిపిస్తే ఏదో ప్రోగ్రాం లోతుగా పాతుకుందేమో చూడాలి. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ మాట వస్తుంది కాబట్టి వెంటనే కంగారు వద్దు.

సైరన్ మోగిన నీలం తెర వేరే జాతి. అదొక మామూలు వెబ్ పేజీ, ఫుల్‌స్క్రీన్‌లోకి పోయి పై పట్టీని, ట్యాబులను దాచేసింది. మౌస్ గుర్తును మాయం చేయడం కూడా పేజీ చేతిలో పనే, మౌస్ చెడిపోలేదు. మళ్లీ వస్తే ఎస్కేప్ మీటను తట్టి వదిలేయకండి, రెండు మూడు సెకన్లు నొక్కి పట్టండి. పేజీ మీటలను పట్టుకుని కూర్చున్నా అట్లా పట్టి ఉంచితే క్రోమ్, ఎడ్జ్ బయటికి వదులుతాయి. కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, క్రోమ్ మీద ‘ఎండ్ టాస్క్’. ఏదీ పలకకపోతే పవర్ బటన్ పది సెకన్లు. ‘పీసీ ఆపితే డేటా పోతుంది’ అని తెర మీద రాసి ఉన్నా సరే. పోయేది మీరు సేవ్ చేయని దరఖాస్తు ఒక్కటే.

మళ్లీ తెరవగానే క్రోమ్ ‘రిస్టోర్’ అని అడుగుతుంది. నొక్కితే సైరన్‌ను మీరే పిలిచినట్టు. కొన్ని పీసీల్లో ‘కంటిన్యూ వేర్ యు లెఫ్ట్ ఆఫ్’ పెట్టి ఉంటుంది, అప్పుడు అడక్కుండానే ఆ పేజీ వచ్చేస్తుంది. నెట్ తీసేసి క్రోమ్ తెరవండి, పేజీ నిండదు, ఆ ట్యాబ్ మూసేసి నెట్ పెట్టండి.

మైక్రోసాఫ్ట్ తమ హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు. ఆ కంపెనీ తన మాటగా చెప్పిందే ఇది. నంబరు కనిపించిందంటే చదవడం అక్కడితో ఆపొచ్చు. క్రోమ్ నిజంగా హెచ్చరించేటప్పుడు పేజీ ఎర్రగా అవుతుంది గానీ ‘బ్యాక్ టు సేఫ్టీ’ అని వెనక్కు పొమ్మంటుంది. పైసలు అడగదు, చప్పుడు చేయదు. డిఫెండర్ ఇచ్చే సూచనను నొక్కితే తెరుచుకునేది విండోస్ సెక్యూరిటీ, వెబ్‌సైటు కాదు.

ఫార్మాట్ మాట. డబ్బాల కోసమైతే అక్కర్లేదు. ఈ రోజు 500 పెట్టి కొట్టించినా, రేపు ఇంకో పిల్లవాడు రోబో బొమ్మ దగ్గర అలౌ నొక్కితే మళ్లీ మొదటికే. క్రోమ్‌లో జీమెయిల్ సింక్ ఉంటే చెడ్డ ఎక్స్‌టెన్షన్ కూడా ఫార్మాట్ తర్వాత వెనక్కి వచ్చి కూర్చుంటుంది. ఎనీడెస్క్ వల్ల మాత్రం ఒక ప్రశ్న ఉంది, తమ్ముణ్ని అడగండి: వాళ్లు చేతిలోకి తీసుకున్నాక తెర మధ్యలో కాసేపు నల్లబడిందా? వాళ్లేమైనా ఇన్‌స్టాల్ చేయడం చూశాడా? ఎనీడెస్క్‌లో మన తెరను నల్లగా చేసి వెనకాల పని చేసుకునే ప్రైవసీ మోడ్ ఉంది. రెంటిలో ఏది ‘అవును’ అయినా ఫార్మాట్ చేయించడమే మేలు. అట్లా చేయిస్తే ఫొటోలు, పత్రాలు మాత్రమే కాపీ తీసుకోండి, సెటప్ ఫైళ్లు వద్దు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కాబట్టి, పీసీకి సత్తువ ఉంటే ఎట్లాగూ ఫార్మాట్ చేస్తున్నప్పుడు 11 వేయించండి. ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్ నుంచి అది తీసుకుంటుంది. లైసెన్సు లేకుండా యాక్టివేటర్‌తో నడిపించే కాపీ మాత్రం వేయించొద్దు. యాక్టివేటర్ వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటారు, ఆ సందులో ఏం దిగిందో ఎవరికీ తెలియదు.

గిరాకీలు కూర్చునే పీసీలో క్రోమ్ ప్రొఫైల్ గుండ్రం నొక్కి ‘గెస్ట్’ కిటికీ తెరిచి ఇవ్వండి. అది మూయగానే అనుమతులు, చరిత్ర, లాగిన్‌లు అన్నీ పోతాయి. విండోస్‌లో వాళ్లకొక ‘స్టాండర్డ్’ యూజర్ చేసి పెడితే, చాలా ప్రోగ్రాములు మీ పాస్‌వర్డ్ లేకుండా దిగవు. ప్రకటనలను ఆపే యుబ్లాక్ ఆరిజిన్ లైట్ వేయండి. పాత యుబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో ఇప్పుడు నడవదు, ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తుంది. భూభారతి, ఇంటర్ ఫలితాలు, మీసేవ లాంటివి రోజూ పదిసార్లు తెరిచేవే కదా, గూగుల్‌లో కొట్టి పైన వచ్చే ‘స్పాన్సర్డ్’ లింకు నొక్కే బదులు అసలు చిరునామాలు బుక్‌మార్క్ పట్టీలో పెట్టండి. గెస్ట్ కిటికీలో మీ బుక్‌మార్కులు, ఎక్స్‌టెన్షన్లు రావు కాబట్టి ఆ చిరునామాలు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి మానిటర్ పక్కన అంటించండి.

అమ్మ ఫోన్ కొంచెం వేరు. అక్కడ రెండు కారణాలుండొచ్చు. పైనుంచి కిందికి లాగే పట్టీలో డబ్బా వస్తుంటే దాని మీద వేలు అదిమి పట్టండి. క్రోమ్ పేరు, సైటు పేరు కనిపిస్తే పీసీలో లాంటిదే: క్రోమ్, మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. కొత్త క్రోమ్‌లో నోటిఫికేషన్ కిందే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అని ఉండొచ్చు, అది నొక్కినా చాలు.

అట్లా కాకుండా, ఏమీ తెరవకపోయినా తెర నిండా ప్రకటన పడుతుంటే అది యాప్ పని. ప్రకటన ఉండగానే రీసెంట్స్ బటన్ నొక్కితే ఏ యాప్‌దో దాని గుర్తు పైన కనిపిస్తుంది. టార్చి, క్లీనర్, బ్యాటరీ సేవర్ రకం యాప్‌లు మొదటి అనుమానితులు. సెట్టింగ్స్‌లో ‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’ అని వెతికి ఎవరెవరికి ఆ అనుమతి ఉందో చూడండి. ప్లే స్టోర్‌లో ఫొటో గుండ్రం నొక్కి ‘ప్లే ప్రొటెక్ట్’ స్కాన్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పలకకపోతే పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ మీద అదిమి పట్టండి, చాలా ఫోన్లలో, మనం వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్ కావాలా అని అడుగుతుంది, అక్కడ తీసేయొచ్చు. అప్పటికీ పోకపోతే ‘డివైస్ అడ్మిన్ యాప్స్’లో దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించండి.

వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్ దింపే ఫైల్ ఏమైనా నొక్కిందా అని అమ్మను అడగండి. పీఎం కిసాన్ అనో, ఆర్టీఓ చలాన్ అనో, పెళ్లి పత్రిక అనో పేరు పెట్టి పంపుతున్నారు. నొక్కి ఉంటే ఇది ప్రకటనల గొడవ కాదు, మెసేజ్‌లు చదివి ఓటీపీ లాగే యాప్ అయి ఉండొచ్చు. ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. మీరు ఊరికి పోయేదాకా ఆ సిమ్ కూడా ఆ ఫోన్‌లోంచి తీసి పక్కన పెట్టమనండి.